కరిగాక మొదలైంది అసలు పని: అయానిక్ ద్రవంలో పట్టు

పట్టును కరిగిస్తున్నానని చెబితే ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట "అయ్యో, ఎందుకు?" అని. దారంగా అంత బాగున్నదాన్ని పాడుచేయడం ఏమిటని వాళ్ల బాధ. కానీ దారంగా బాగుండటమే నాలాంటి వాళ్లకు ఇబ్బంది. పట్టుతో పారదర్శకమైన ఫిల్మ్ కావాలి, స్పాంజి కావాలి, మందును మెల్లగా వదిలే గుళిక కావాలి అనుకోండి, దారాన్ని ఆ ఆకారాల్లోకి తేలేం. ప్లాస్టిక్‌లా వేడిచేసి అచ్చు పోద్దామంటే పట్టు కరిగే లోపే మాడిపోతుంది. కాబట్టి ఏదో ఒక ద్రావణిలో కరిగించి, మనకు కావాల్సిన రూపంలో మళ్లీ గట్టిపడేలా చేయడం తప్ప దారి లేదు. పరిశోధన విద్యార్థిగా నాకు అప్పగించిన పని అదే. కాకపోతే అందరూ వాడే ఉప్పునీటి పద్ధతిలో కాదు, అయానిక్ ద్రవాల్లో, అంటే నీళ్లు కలపకుండానే ద్రవంగా ఉండే ఉప్పుల్లో.

పట్టు అంత మొండిగా ఎందుకు ఉంటుందో ముందు చెప్పాలి. పట్టుపురుగు, అంటే బోంబిక్స్ మోరి, వదిలే పోగులో రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. లోపల ఫైబ్రోయిన్, పైన దాన్ని అంటించి ఉంచే బంక సెరిసిన్. ఫైబ్రోయిన్‌లో పెద్ద గొలుసు ఒక్కటే దాదాపు 390 కిలోడాల్టన్ల (అణువుల బరువుకు కొలత) బరువు తూగుతుంది, అందులో ఐదు వేలకు పైగా అమైనో ఆమ్లాలు. విచిత్రం ఏమిటంటే అంత పొడవైన గొలుసులోనూ ఎక్కువ భాగం గ్లైసిన్, అలనైన్, సెరిన్ అనే మూడింటితోనే నిండి ఉంటుంది. మూడూ చిన్నవే. చిన్నవి కాబట్టి గొలుసులు ఒకదానికొకటి బాగా దగ్గరగా చేరి, హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని, పలకల మీద పలకలుగా పేరుకుంటాయి. వీటినే బీటా షీట్లు అంటారు. ఆ పలకల మధ్యకు నీరు దూరలేదు. పట్టు నీటిలో తడుస్తుంది, కొంచెం ఉబ్బుతుంది, అంతే.

మొదటి మెట్టు బంక తీయడం. ల్యాబుల్లో బాగా స్థిరపడిన లెక్క ఇది: 5 గ్రాముల పట్టుగూళ్లకు 2 లీటర్ల నీళ్లు, అందులో 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్, అంటే 0.02 మోలార్ గాఢత. మరిగే నీళ్లలో 30 నిమిషాలు. లోపలి ప్యూపాను ముందే తీసేసి, గూళ్లను చిన్న ముక్కలుగా కత్తిరించి వేస్తాం. ఉడికాక శుభ్రమైన నీటితో మూడు నాలుగు సార్లు కడిగి పిండి, రాత్రంతా ఆరబెడితే తెల్లటి దూదిలా మిగులుతుంది. తూకం వేస్తే బరువులో పావు వంతుకు పైగా పోయి ఉంటుంది. పోయిందంతా సెరిసినే.

ఈ మెట్టు అందరూ తొందరగా దాటేస్తారు. నాకు మాత్రం తర్వాతి తలనొప్పుల్లో సగానికి మూలం ఇక్కడే ఉందనిపించింది. బంక మిగిలితే ద్రావణం మసకగా వస్తుంది. బంక పూర్తిగా పోవాలని ఎక్కువసేపు ఉడికిస్తే సోడియం కార్బొనేట్ అనే ఆ క్షారం ఫైబ్రోయిన్ గొలుసులను కూడా తెంపుతుంది. ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో పెట్టి చూస్తే విషయం స్పష్టంగా కనబడుతుంది. పెద్ద గొలుసు దగ్గర ఒక గీత రావాల్సింది పోయి, పైనుంచి కిందిదాకా మసక పట్టీ పరచుకుంటుంది. గంట ఉడికించిన పట్టు తొందరగా కరుగుతుంది, వడపోత సులభం, ద్రావణం పలచగా ఉంటుంది, చూడటానికి అన్నీ లాభాలే. చివర్లో వచ్చే ఫిల్మ్ మాత్రం వేలితో వంచితే టప్పున విరుగుతుంది. అందుకని ఉడికించే సమయం తగ్గించి, బంక పోయిందో లేదో పిక్రో కార్మైన్ రంగుతో చూసుకునేదాన్ని. ఆ రంగులో ముంచితే సెరిసిన్ ఎర్రగా, ఫైబ్రోయిన్ పసుపుగా తేలతాయి. చవకైన పరీక్ష, కంటితో తెలిసిపోతుంది. దీన్ని ఇప్పుడు చాలామంది ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాదు.

ఇక కరిగించడం. మామూలు పద్ధతి లిథియం బ్రోమైడ్. 9.3 మోలార్ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచితే పట్టు కరిగి లేత పసుపు ద్రవమవుతుంది. తర్వాత డయాలిసిస్ గొట్టంలో, అంటే ఉప్పును వదిలి ప్రొటీన్‌ను ఆపే పొర గొట్టంలో పోసి, నీళ్లు మారుస్తూ రెండు రోజులు ఉంచితే ఉప్పు బయటకు పోయి, నీటిలో ఫైబ్రోయిన్ మిగులుతుంది. కాల్షియం క్లోరైడ్, ఇథనాల్, నీరు 1:2:8 మోల్ నిష్పత్తిలో కలిపే అజిసావా ద్రావణి కూడా వాడుకలో ఉంది, అది ఇంకా చవక. రెండింటికీ ఒకటే ఇబ్బంది. డయాలిసిస్‌కు రోజులు పడుతుంది, బోలెడు నీళ్లు కావాలి, చివరికి చేతికొచ్చేది 6 నుంచి 8 శాతం పలుచటి ద్రావణం. అదీ నిలవ ఉండదు. కొన్ని వారాల్లో, ఒక్కోసారి అంతకంటే ముందే, తనంతట తానే జెల్లీలా గడ్డకట్టేస్తుంది.

అయానిక్ ద్రవాలు ఈ బాధ తప్పిస్తాయన్న ఆశతోనే మేము అటు వెళ్లాం. అయానిక్ ద్రవం అంటే తక్కువ వేడికే కరిగిపోయే ఉప్పు, సాధారణంగా 100 డిగ్రీల లోపు. నీళ్లు కలపని ఉప్పే ద్రవంగా ఉంటుందన్నమాట. 2002లో రాబిన్ రోజర్స్ బృందం బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్ అనే అయానిక్ ద్రవంలో సెల్యులోజ్ కరుగుతుందని చూపించింది. పత్తినీ చెక్కగుజ్జునూ కరిగించింది పట్టునెందుకు కరిగించదని ఇతరులు ప్రయత్నించారు, 2004లో పట్టు ఫైబ్రోయిన్ మీద ఫలితాలు వచ్చాయి. కీలకమంతా క్లోరైడ్‌లో ఉంది. గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాన్ని విడదీసి ఆ చోటును తానే పట్టుకోగలిగేది క్లోరైడ్. అదే ఇమిడజోలియానికి క్లోరైడ్ బదులు టెట్రాఫ్లోరోబొరేట్ తగిలిస్తే పట్టు చెక్కుచెదరదు. బ్యూటైల్ బదులు ఇథైల్ ఉన్న ఉప్పు ఇంకా ఎక్కువ పట్టును కరిగిస్తుంది.

కాగితం మీద ఇదంతా రెండు వాక్యాలు. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది ఈ ఉప్పు ఎంత దాహంతో ఉంటుందో. సీసా మూత తీసి తూకం వేసేలోపే గాలిలోని తేమను లాక్కుని జిగటగా మారుతుంది. ఆ తేమే మన శత్రువు, ఎందుకంటే క్లోరైడ్ పట్టును వదిలేసి నీటితో బంధం కలుపుకుంటుంది. అందుకే ముందు ఉప్పును వాక్యూమ్ ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టడం, కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో తేమ ఎంతుందో చూడటం, తర్వాతే పట్టు వేయడం. పట్టును కూడా విడిగా ఆరబెట్టాలి. అది కూడా గాలిలోని తేమను పట్టి ఉంచుకునే రకమే. ఎండాకాలంలో బాగా వచ్చిన ప్రయోగం వానాకాలంలో మొరాయిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఆయిల్ బాత్ 100 డిగ్రీలు, నైట్రోజన్ ప్రవాహం, సన్నగా కత్తిరించిన పట్టు కొంచెం కొంచెంగా. ఒకేసారి వేస్తే పైపైన కరిగి జిగురు ముద్ద కడుతుంది, లోపలి భాగానికి ద్రవం చేరదు. ఒక చిటికెడు పూర్తిగా మాయమయ్యాకే ఇంకో చిటికెడు. పోగు మొదట గాజులా మెరుస్తుంది, తర్వాత ఉబ్బుతుంది, తర్వాత అంచులు కలిసిపోయి కనబడకుండా పోతుంది. ఆ ఉబ్బే దశ దాకా ఎదురుచూడటమే అసలు టెన్షన్. 10 శాతం దాటేసరికి ద్రావణం ఎంత చిక్కబడుతుందంటే, మ్యాగ్నెటిక్ స్టిర్రర్‌లోని బిళ్ల తిరగడం మానేసి ఒకచోటే వణుకుతూ ఉంటుంది. అప్పుడిక గాజుకడ్డీతో చేతికి పనిచెప్పాల్సిందే.

కంటికి కరిగినట్టు కనిపిస్తే కరిగినట్టు కాదు. ఒక చుక్క గాజు పలక మీద వేసి, పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద రెండు ఫిల్టర్లను అడ్డంగా తిప్పి చూడాలి. నిజంగా కరిగితే చీకటి. ఎక్కడైనా పోగు ముక్క మిగిలి ఉంటే ఆ చీకట్లో తెల్లటి గీతలా వెలుగుతుంది. స్ఫటికాకారం ఇంకా చెదరలేదని దానర్థం. సీసాలో తేటగా ఉన్న ద్రావణాల్లోనూ ఇలాంటి గీతలు బోలెడు కనిపించేవి. అలాగని ఇంకో గంట వేడిలో ఉంచుదామంటే రంగు మారిపోతుంది, లేత పసుపు నుంచి గోధుమ రంగుకు. ఆ వేడిలో ఎక్కువసేపు ఉంటే పట్టు గొలుసులూ తెగుతాయి, ఉప్పులోనూ మలినాలు చేరతాయి. కరిగించే సమయం, ఉడికించే సమయం రెండూ కలిపి లెక్కేసుకోవాలని నాకు అర్థమైంది ఇక్కడే. కొంచెం తక్కువ ఉడికిన పట్టుకు ఇక్కడ కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి. బాగా ఉడికినదైతే త్వరగా దించేయాలి.

ఇంతా చేశాక మా గైడ్ మేడమ్ సీసా వెలుతురులో పట్టుకుని చూసి, "బాగుందమ్మా. ఇప్పుడు దీన్నుంచి ఉప్పు తీసి చూపించు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ తర్వాతి నెలల పని మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

అయానిక్ ద్రవం ఆవిరి కాదు. దాన్ని గొప్ప గుణంగా చెబుతారు, ల్యాబులో వాసన లేదు, గాలిలో కలవదు అని. నిజమే. కానీ ఆవిరి కానిదాన్ని ఆరబెట్టి వదిలించుకోలేం కదా. ఇథనాల్‌లో చేసిన ఫిల్మ్ అయితే గాలికి పెడితే ఆరుతుంది. ఇది అలా వదిలేస్తే ఏళ్లు గడిచినా జిగురుగానే ఉంటుంది. ఫైబ్రోయిన్ కరగకుండా, ఉప్పు మాత్రం కలిసిపోయే ఇంకో ద్రవంలో ముంచాలి. దాన్ని కోయాగ్యులేషన్ బాత్ అంటారు.

గాజు పలక మీద వెచ్చగా ఉన్న ద్రావణాన్ని బ్లేడుతో సమంగా పరిచి, బుడగలు పోయేదాకా వాక్యూమ్‌లో ఉంచి, మొదట నీళ్లలో ముంచి చూశాను. నీరు ఉప్పును లాగేస్తుంది, కానీ గొలుసులకు పేరుకునే వ్యవధి దొరకదు. అంచులు మెత్తబడి చెదిరిపోయాయి, కొంత భాగం నీళ్లలోకే వెళ్లిపోయింది. అసిటోనైట్రైల్ అనే ఇంకో ద్రావకంలో కాస్త నిలిచింది గానీ జిగట పోలేదు. మెథనాల్‌లో ముంచగానే ఫిల్మ్ ఉన్నచోటే బిగిసి నిలబడింది. మెథనాల్ నీటిని, ఉప్పును గొలుసుల చుట్టూ నుంచి లాగేస్తుంది. అప్పుడు ఫైబ్రోయిన్ తనలో తానే హైడ్రోజన్ బంధాలు వేసుకోక తప్పదు, అంటే మళ్లీ బీటా షీట్లు. విషద్రావకం కాబట్టి ఫ్యూమ్ హుడ్ లోపలే, చేతి తొడుగులతోనే. అది కంటిచూపును దెబ్బతీస్తుందని తెలిసినా ల్యాబుల్లో దాన్ని మంచినీళ్లలా వాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మెథనాల్‌లో గట్టిపడ్డాక కూడా లోపల క్లోరైడ్ మిగులుతుంది. దాన్ని పట్టుకోవడానికి వెండి నైట్రేట్ పరీక్ష. కడిగిన నీళ్లలో రెండు చుక్కలు వేస్తే, క్లోరైడ్ ఉన్నంతవరకు పాలలా తెల్లబడుతుంది. ఫిల్మ్ పైభాగం శుభ్రమయ్యాక నీళ్లు తేటగా ఉంటాయి, ఒక రాత్రి కొత్త నీళ్లలో నానబెట్టి మళ్లీ చుక్క వేస్తే మళ్లీ తెలుపు. లోపలి నుంచి మెల్లగా బయటకు వస్తూనే ఉంటుంది. మందం ఎంత ఎక్కువైతే అంత ఆలస్యం. ఈ దశలోనే నాకు డయాలిసిస్ మీద ఉన్న చిన్నచూపు పోయింది. రెండు రోజుల డయాలిసిస్ తప్పించుకుందామని వచ్చి, అంతకు మించి కడగడం, నానబెట్టడం చేస్తున్నాం. ఒకటే తేడా, ఇక్కడ ఫిల్మ్ రూపం ముందే స్థిరపడి ఉంటుంది, పైగా మొదలుపెట్టిన ద్రావణం చిక్కదనం మన చేతిలో ఉంటుంది.

ఆరబెట్టడం ఇంకో కథ. తడి ఫిల్మ్ ఆరుతూ కుంచించుకుపోయి, ఆకులా చుట్టుకుపోతుంది. రెండు చట్రాల మధ్య బిగించి, మెల్లగా ఆరనిస్తే చదునుగా వస్తుంది. పూర్తిగా ఆరాక గాజులా పారదర్శకంగా ఉంటుంది, కానీ పెళుసు. కాస్త గ్లిసరాల్ పట్టిస్తే వంగుతుంది.

లోపల నిజంగా ఏం జరిగిందో ఎఫ్‌టీఐఆర్‌లో, అంటే పరారుణ కాంతితో అణువుల బంధాలను చూసే పరికరంలో చూశాం. ప్రొటీన్లలో అమైడ్ 1 అనే పట్టీ గొలుసు ఏ రూపంలో ఉందో చెబుతుంది. క్రమం లేని గొలుసులైతే 1640 నుంచి 1650 మధ్య, బీటా షీట్లయితే 1620 నుంచి 1630 మధ్య శిఖరం వస్తుంది, సెంటీమీటరుకు తరంగాల లెక్కలో. మెథనాల్ ఫిల్మ్‌లో శిఖరం కిందికి జారి 1620ల్లో నిలిచింది, మొదటి పట్టు పోగు దగ్గరికే. నీళ్లలో ముంచిన దాంట్లో మిగిలిన భాగం పైనే ఉండిపోయింది. ఆ రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూసిన రోజు ల్యాబులో అందరికీ చూపించాను, వాళ్లకు పెద్దగా ఏమీ అనిపించకపోయినా.

దారం కూడా తీశాం. ఇథైల్ ఉప్పుతో చేసిన చిక్కటి ద్రావణాన్ని వెచ్చగా ఉంచిన సిరంజి నుంచి మెథనాల్ బాత్‌లోకి వదిలితే పోగు వస్తుంది. 2005లోనే అయానిక్ ద్రవం నుంచి తడి వడకడం మీద ప్రచురణ వచ్చింది కాబట్టి కొత్తేమీ కాదు. వచ్చిన పోగును సాగదీయకపోతే బలం ఉండదు. పురుగు తన తల తిప్పుతూ పోగును లాగుతూనే పేర్చుతుంది, నీటి ద్రావణం నుంచి, గది ఉష్ణోగ్రతలో, ఏ మెథనాలూ లేకుండా. గొలుసులు ముందే ఒకే దిక్కుకు సర్దుకుని ఆ తర్వాత గట్టిపడతాయి. మేము చిక్కుపడ్డ జడను చిక్కుతోనే బిగించి, ఆ తర్వాత దువ్వాలని చూస్తున్నాం. మా పోగు పురుగు పోగుకు సాటి రాకపోవడానికి కారణం అదే, ఉడికించినప్పుడు తెగిన గొలుసులు దీనికి అదనం.

మధ్యలో ఇంకో దారి కూడా ప్రయత్నించాం. కోలిన్ క్లోరైడ్, యూరియా 1:2 నిష్పత్తిలో కలిపి వేడిచేస్తే రెండు గట్టి పొడులూ కలిసి ద్రవమైపోతాయి. ఆ మిశ్రమం చల్లబరిచినా 12 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. 2003లో ఆండ్రూ ఆబట్ బృందం వెలుగులోకి తెచ్చిన ఈ రకాన్ని డీప్ యుటెక్టిక్ ద్రావణులు అంటారు. ఒకటి కోళ్ల దాణాలో కలిపేది, ఇంకోటి ఎరువు. ఇమిడజోలియం ధరతో పోలిస్తే ఇది ఉచితం కిందే లెక్క. దీంట్లోనూ క్లోరైడ్ ఉంది కదా అనుకున్నాం. కానీ ఆ క్లోరైడ్ అప్పటికే యూరియాతో బంధంలో ఉంది, పట్టు వైపు తిరిగి చూడదు. పోగులు ఉబ్బి, విడివిడిగా చీలాయి, కరగలేదు. అది వేరే పనికి పనికొస్తుంది, సన్నటి నానో పోగులుగా విడదీయడానికి. ఫిల్మ్ కోసం మాత్రం పక్కన పెట్టేశాం.

అడవి పట్టు సంగతి కూడా ఒక మాట. దసలి పట్టు లిథియం బ్రోమైడ్‌కు లొంగదు. దాని గొలుసులో అలనైన్ వరుసగా పేర్చి ఉంటుంది, ఆ పలకలు ఇంకా గట్టివి. కరిగిన కాల్షియం నైట్రేట్ లాంటివి వాడితే గానీ కదలదు. మల్బరీ పట్టుకు రాసిన వంటకం దసలి పట్టుకు పనికిరాదని మొదలుపెట్టేవాళ్లకు ముందే చెప్పాలి, ఎవరూ చెప్పరు.

చివరగా ద్రావణిని వెనక్కి రాబట్టడం. అయానిక్ ద్రవాలను పచ్చ ద్రావణులు అనడానికి పెద్ద ఆధారం ఇదే, మళ్లీ మళ్లీ వాడొచ్చని. కడిగిన మెథనాల్, నీళ్లు అన్నీ కలిపి రోటరీ ఇవాపొరేటర్‌లో పెడితే మెథనాల్ 65 డిగ్రీల దగ్గరే వెళ్లిపోతుంది. నీరు వెళ్లడానికి చాలాసేపు పడుతుంది, ఆఖరి కొద్ది శాతం అసలు వెళ్లనంటుంది. కిందమిగిలిన ఉప్పు పసుపు రంగులో ఉంటుంది, అందులో తెగిన చిన్న ప్రొటీన్ ముక్కలు కూడా కలిసి ఉంటాయి. బొగ్గుతో శుభ్రం చేసి, ఆరబెట్టి మళ్లీ వాడాం, పట్టు కరిగింది, కానీ మొదటిసారి కంటే నెమ్మదిగా. ఇందులో పోయిన కరెంటు, మెథనాల్, నీళ్లు అన్నీ లెక్కేస్తే "పచ్చ" అన్న మాట వాడటానికి నాకు మనసొప్పదు. గాలిలో కలవదన్నంత మాత్రాన నీళ్లలోకి వదలొచ్చని కాదు. పొడవాటి గొలుసున్న ఇమిడజోలియం ఉప్పులు నీటి జీవులకు హానికరమని తెలిసిన సంగతే. మా దగ్గర ఆ నీళ్లు సింక్‌లోకి వెళ్లవు, విడిగా డబ్బాలో చేరతాయి.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏ పద్ధతి అని అడిగితే వాళ్లకేం కావాలో ముందు అడుగుతాను. శరీరంలో పెట్టే స్పాంజి, కణాలు పెంచే ఫిల్మ్ అయితే లిథియం బ్రోమైడ్, డయాలిసిస్. ఓపిక పట్టాలి, కానీ చివరికి మిగిలేది నీరు, పట్టు మాత్రమే. నీళ్లలో సాధ్యం కాని చిక్కదనం కావాలన్నా, సెల్యులోజ్‌తో పట్టును కలిపి ఒకే ద్రావణంలో కరిగించాలన్నా అయానిక్ ద్రవం. రెండూ దాంట్లో కరుగుతాయి, మరే సాధారణ ద్రావణిలోనూ అంత తేలికగా కలవవు. ఇప్పుడు మా బల్ల మీద నడుస్తున్న పని కూడా అదే, పత్తి గుజ్జు, పట్టు కలిపిన ఫిల్మ్. వెండి నైట్రేట్ చుక్క వేస్తే ఇంకా తెల్లబడుతూనే ఉంది.